వెన్నుపూసలో బయటపడిన లివర్ క్యాన్సర్: కడుపు స్కానింగ్ మామూలుగా ఉంటే బయాప్సీ తప్పనుకోవాలా?

పర్లాకిమిడి శ్రీను | సోమవారం రాత్రి 8:40

ఒక రిపోర్టు అర్థం కాక అడుగుతున్నాను. పేషెంటుకి 54 ఏళ్లు, ఒడిశా గజపతి జిల్లాలో పల్లె. మూడు నెలలుగా వీపు మధ్యలో నొప్పి, పగటికన్నా రాత్రి ఎక్కువ. ఎమ్మారైలో డి10 వెన్నుపూస (ఛాతీ వెనక పదో పూస) తినేసినట్టుగా ఉందన్నారు. టీబీ మందులు మొదలెట్టేద్దామనుకునేలోగా సూది బయాప్సీ చేయించారు. అందులో "మెటాస్టాటిక్ కార్సినోమా, మూలం లివర్ కావచ్చు, ఐహెచ్‌సీ చేయించండి" అని వచ్చింది. అంటే వేరేచోట పుట్టి ఇక్కడికి పాకిన క్యాన్సరట, ఐహెచ్‌సీ అంటే ముక్కకి ప్రత్యేక రంగులు వేసి అది ఏ అవయవానిదో తేల్చే పరీక్షట. మనిషికి కామెర్లు లేవు, పొట్ట ఉబ్బలేదు, అన్నం బాగానే తింటున్నాడు, సారా ముట్టడు. పోయిన నెల కడుపు స్కానింగులో ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 తప్ప ఇంకేం లేదు. లివర్లో ఏటీ లేకుండా లివర్ క్యాన్సర్ వెన్నులో తేలడం ఏటండీ? రిపోర్టు తప్పా?

ఫిల్మ్ మాస్టారు, బరంపురం | సోమవారం రాత్రి 9:15

బయాప్సీ కన్నా ముందు ఆ స్కానింగునే అనుమానించండి.

లివర్ కుడివైపు పైకప్పు డయాఫ్రం (ఊపిరితిత్తుల కిందుండే కండపొర) కింద, పక్కటెముకల చాటున ఉంటుంది. ఊపిరి బాగా పీల్చి బిగబట్టకపోతే ఆ పైభాగం ఊపిరితిత్తిలోని గాలి వెనక దాక్కుంటుంది. కొవ్వు పట్టిన లివర్ అయితే అల్ట్రాసౌండ్ తరంగాలు లోతుకి పోయేసరికి బలం తగ్గి వెనక భాగం సరిగా కనబడదు. ఇంకో రకం క్యాన్సర్ అసలు గుండ్రటి గడ్డే కట్టదు, ఇసుకలో నీళ్లు ఇంకినట్టు లివర్లో పాకుతుంది. దాన్ని "లివర్ గరుకుగా ఉంది" అని రాసి వదిలేసే అవకాశం ఎక్కువ. పాత రిపోర్టు మళ్లీ తీసి కింద సన్న అక్షరాల్లో "గ్యాస్ వల్ల పూర్తిగా చూడలేకపోయాం" లాంటి లైను ఉందేమో చూడండి. ఆ ఒక్క లైను ఉంటే ఆ "మామూలు"కి విలువ సగం తగ్గినట్టే.

ఇప్పుడు చేయించాల్సింది ట్రిపుల్ ఫేజ్ సీటీ, అంటే కాంట్రాస్టు మందు ఎక్కించాక మూడు సమయాల్లో తీసేది. ఊరికే "సీటీ కడుపు, కాంట్రాస్టుతో" అని రాయించుకుంటే చాలాచోట్ల మందు ఎక్కించాక 70 సెకన్ల దగ్గర ఒక్కసారే తీస్తారు. లివర్ క్యాన్సర్‌కి అది చాలదు. మామూలు లివర్‌కి ముప్పావు వంతు రక్తం పోర్టల్ సిర (పేగుల నుంచి లివర్‌కి వచ్చే సిర) నుంచి వస్తుంది, ఈ గడ్డకి మాత్రం దాదాపు అంతా ధమని నుంచే. అందుకని 35 సెకన్ల దగ్గర తీస్తే గడ్డ తెల్లగా వెలుగుతుంది. 70 సెకన్లకీ, మళ్లీ 3 నుంచి 5 నిమిషాలకీ తీస్తే చుట్టూ లివర్ తెల్లబడి గడ్డ నల్లబడుతుంది. ఈ వెలగడం, నల్లబడడం రెండూ చూపిస్తేనే గట్టి ఆధారం.

ఇక్కడ చెడేది ఎక్కువగా సూది దగ్గరే. సెకనుకి 4 మిల్లీలీటర్లు పోవాలంటే మోచేతి మడతలో 18 లేదా 20 గేజి క్యాన్యులా ఉండాలి. వార్డులో సెలైన్ కోసం అరచేతి వెనక పెట్టిన, అంతకన్నా సన్నటి 22 గేజి నీలం క్యాన్యులాతోనే పంపేస్తే మందు నెమ్మదిగా ఎక్కి మొదటి ఫేజు పాడవుతుంది. డబ్బులు ట్రిపుల్ ఫేజుకి కడతారు, అసలు కావాల్సిన మొదటి ఫేజే దక్కదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు ముందే చేతిలో పెట్టుకోండి.

లివర్ ఓపీ | సోమవారం రాత్రి 10:02

శ్రీను గారూ, కామెర్లు లేవు కాబట్టి లివర్ బాగుందనుకోవడం అందరూ పడే పొరపాటే. లివర్ కండలో నొప్పి తెలిసే నరాలు లేవు, పైపొరకి మాత్రమే ఉన్నాయి. లోపల ఎంత పెరిగినా పొరని సాగదీయనంతవరకు నొప్పి రాదు. మిగిలిన లివర్ పని లాక్కొస్తుంది కాబట్టి కామెర్లు తెచ్చే బిలిరుబిన్ కూడా పెరగదు.

ఈ క్యాన్సర్ లివర్ దాటితే ఎక్కువగా చేరేది ఊపిరితిత్తులకి. తరవాత పొట్టలోని లింఫు గ్రంథులు, ఎముకలు, అడ్రినల్ గ్రంథులు. లివర్ నుంచి రక్తం పెద్ద సిరలోకి, గుండె కుడివైపుకి, అక్కణ్ణించి ఊపిరితిత్తులకి పోతుంది కాబట్టి ఆ వరస సహజమే. మరి ఊపిరితిత్తి శుభ్రంగా ఉండి వెన్నులో ఎలా అంటే, వెన్నుపూసల చుట్టూ కవాటాలు లేని సిరల వల ఒకటి ఉంది. 1940లో ఆస్కర్ బాట్సన్ దీన్ని వివరించాడు. దగ్గినా ముక్కినా పొట్టలో ఒత్తిడి పెరిగి రక్తం ఆ వలలోకి వెనక్కి తన్నుతుంది, దాంతోపాటు కణాలూ చేరతాయి. అందుకే వెన్నుపూస, తుంటి ఎముక, పక్కటెముక, ఒక్కోసారి పుర్రె. తలమీద మెత్తటి, నాడి కొట్టుకుంటున్న కంతిగానో, దవడ వాపుగానో, పళ్లు పీకాక ఆగని రక్తంగానో మొదట కనబడిన సందర్భాలు వైద్య పత్రికల్లో చాలా ఉన్నాయి. అరుదే గాని వింత కాదు.

సారా తాగడు అన్నారు. అయితే మొదట హెపటైటిస్ బి చూడాలి. ఆ వైరస్ తన డీఎన్‌ఏని లివర్ కణం డీఎన్‌ఏలోకి దూర్చేస్తుంది, సిరోసిస్ (లివర్ మచ్చలు కట్టి గట్టిపడడం) రాకుండానే క్యాన్సర్ రావచ్చు. రేపు ఈ పరీక్షలు చేయించి పెట్టండి: హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి), యాంటీ హెచ్‌సీవీ (హెపటైటిస్ సి), సీబీసీ (రక్తకణాల లెక్క), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు), బిలిరుబిన్, ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రోటీన్), క్రియాటినిన్, కాల్షియం, షుగరు, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్‌లో తరచు పెరిగే ప్రోటీన్). నిజానికి వెన్నులో సూది పెట్టకముందే చేయాల్సినవి ఇవి. అన్నీ కలిపినా ఎమ్మారై ఖర్చులో కొసరు.

కాల్షియం ఎందుకంటే, ఎముకలో ఏమీ లేకపోయినా ఈ క్యాన్సర్ కాల్షియం పెంచగలదు. మనిషి మత్తుగా, దాహంగా, మలబద్ధకంగా ఉంటే లివర్ వల్ల వచ్చిన మత్తు అనుకుని లాక్టులోజ్ (విరేచనం అయ్యేలా చేసే సిరప్) పోస్తూ కూర్చుంటారు.

ఎముకల పీజీ | సోమవారం రాత్రి 11:20

టీబీ విషయం నేను చెప్తాను. ఈ సరిహద్దు జిల్లాల్లో వెన్ను టీబీ నిజంగానే ఎక్కువ చూస్తాం కాబట్టి వెన్నుపూస కరిగితే నోటికి ముందు వచ్చే మాట అదే. దానికి తప్పు పట్టలేం. కానీ ఎమ్మారైలో తేడా వెతకాలి. టీబీ సాధారణంగా రెండు పూసల మధ్య డిస్కు దగ్గర మొదలై పక్కపక్క పూసలు రెండింటినీ తింటుంది, చుట్టూ పల్చటి నున్నటి గోడతో చీము సంచి ఉంటుంది. క్యాన్సర్ డిస్కుని వదిలేస్తుంది, పూస వెనక ఉండే పెడికిల్ అనే కాడని పట్టుకుంటుంది, పూసలు దూరదూరంగా దెబ్బతింటాయి. లివర్ నుంచి వచ్చినదైతే ఎముకని ఉబ్బించి చుట్టూ మెత్తటి కండలా పెరుగుతుంది, రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. ఈ లక్షణాలు కలగాపులగం అయ్యే కేసులూ ఉన్నాయి, అందుకే ముక్క తీయాల్సిందే.

ముక్క తీయకుండా మందులు మొదలెడితే ఏమవుతుందో చూడండి. టీబీ మందుల్లో ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ లివర్ మీద భారమే. లోపల సిరోసిస్ ఉన్నవాడికి అవి పడితే ఆరు వారాల్లో కామెర్లు, అప్పుడు "మందు పడలేదు" అంటారు. అసలు జబ్బుకి చికిత్స పెట్టగలిగే లివర్ బలం ఆ కామెర్లలోనే కరిగిపోతుంది. వెన్ను మాత్రం అలాగే విరుగుతూ ఉంటుంది.

మందుల షాపు రావు, గుణుపురం | మంగళవారం ఉదయం 7:05

ఇంత తిరగడం ఎందుకు, ఏఎఫ్‌పీ ఒక్కటి చేయిస్తే తేలిపోదా? 400 దాటితే లివర్ క్యాన్సరు, దాటకపోతే కాదు.

స్లైడు పెద్దాయన | మంగళవారం ఉదయం 7:50

రావు గారూ, మొదటి సగం దాదాపు సరే, రెండో సగం ప్రమాదం. లివర్ క్యాన్సర్ ఉన్నవాళ్లలో మూడో వంతు దాకా ఏఎఫ్‌పీ మామూలుగానే ఉంటుంది. 400 దాటినా కళ్లు మూసుకుని నమ్మలేం: వృషణంలో, అండాశయంలో పుట్టే జెర్మ్ సెల్ గడ్డలు, జీర్ణాశయంలో వచ్చే హెపటాయిడ్ రకం (లివర్ కణాల్లా కనబడే) క్యాన్సర్ కూడా పెంచుతాయి. హెపటైటిస్ ఎగదన్నినప్పుడు వందల్లోకి పోయి మళ్లీ దిగుతుంది. పివ్కా-2 అని ఇంకో పరీక్ష ఉంది, కానీ వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా వాడే మందు) మింగేవాళ్లలోనూ, విటమిన్ కె తక్కువైనవాళ్లలోనూ క్యాన్సర్ లేకుండానే పెరుగుతుంది.

పర్లాకిమిడి శ్రీను | బుధవారం సాయంత్రం 6:30

రిపోర్టులు వచ్చాయి. హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్. ప్లేట్‌లెట్లు 92,000. ఐఎన్‌ఆర్ 1.3. బిలిరుబిన్ 1.1, ఆల్బుమిన్ 3.6. కాల్షియం, క్రియాటినిన్ మామూలే. ఏఎఫ్‌పీ 38. సీటీ శుక్రవారం రాయించాం, ట్రిపుల్ ఫేజ్ అని స్లిప్పు మీద రాయించాను. ఐహెచ్‌సీ అంటే మళ్లీ సూది పెట్టాలా?

స్లైడు పెద్దాయన | బుధవారం రాత్రి 8:10

అక్కర్లేదు. తీసిన ముక్క మైనం బ్లాకులో ఉంటుంది, దాన్నుంచే సన్నటి పొరలు కోసి రంగులు వేస్తారు. చేసిన ల్యాబుకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి బ్లాకూ, స్లైడ్లూ రెండూ అడగండి. స్లైడ్లు మాత్రమే ఇస్తే పెద్ద ఆసుపత్రిలో కొత్త రంగులు వేయడం కుదరదు. బ్లాకు మీద నంబరూ రిపోర్టు మీద నంబరూ ఒకటేనా అని కౌంటరు దగ్గరే చూసుకోండి.

వేయాల్సిన రంగులు: లివర్ కణాన్ని పట్టడానికి హెప్‌పార్-1, ఆర్జినేజ్-1, గ్లిపికాన్-3. వీటికి తోడు, వేరేచోట పుట్టిందేమో చూడడానికి సీకే7, సీకే20, టీటీఎఫ్-1, పాక్స్-8. హెప్‌పార్ ఒక్కటే చూసి రాసేయకూడదు, హెపటాయిడ్ రకం పొట్ట క్యాన్సర్ కూడా దాన్ని పట్టుకుంటుంది. ఆర్జినేజ్ అంతకన్నా నమ్మకం. టీటీఎఫ్-1 దగ్గర ఒక చిక్కుంది: ఊపిరితిత్తి క్యాన్సర్‌లో అది కణం మధ్యలో, న్యూక్లియస్‌లో పడుతుంది. లివర్ కణాల్లో కొన్ని రకాల యాంటీబాడీతో న్యూక్లియస్ బయట, గింజలు గింజలుగా పడుతుంది. తొందర్లో "పాజిటివ్" అని రాస్తే పేషెంటు ఊపిరితిత్తుల విభాగానికి పోతాడు. పాక్స్-8 కిడ్నీ కోసం, ఎందుకంటే కణాలు ఖాళీగా తేటగా కనబడే (క్లియర్ సెల్) కిడ్నీ క్యాన్సరూ ఇదీ చూపుకి కవలల్లా ఉంటాయి.

మరీ నెమ్మది రకం అయితే సూక్ష్మదర్శినిలో అచ్చం మామూలు లివర్‌లాగే ఉంటుంది. వెన్నులో సూది పెడితే లివర్ ముక్క వచ్చిందేమిటి, సూది దారి తప్పిందా అని నివ్వెరపోతారు. కణాల మధ్య ఆకుపచ్చ పసుపు పైత్యరసం చుక్క ఒక్కటి కనబడితే సగం సందేహం అక్కడే తీరుతుంది.

ఇక ముందు ముందు ఎవరికైనా వెన్ను బయాప్సీ చేస్తుంటే రెండు సీసాలు పెట్టించండి. ఒకదాంట్లో 10 శాతం ఫార్మలిన్, ముక్కకి కనీసం పది రెట్లు. రెండోది స్టెరైల్ సెలైన్, టీబీ సీబీనాట్‌కీ (క్రిమి జన్యువుని వెతికే పరీక్ష) కల్చర్‌కీ (క్రిమిని పెంచి చూడడం). మొత్తం ఫార్మలిన్‌లో వేసేస్తే టీబీ క్రిమి చచ్చి కల్చర్ రాదు. మొత్తం సెలైన్‌లో వేసి రెండు రోజులు బల్ల మీద ఉంచితే కణాలు కుళ్లి ఏ రంగూ పట్టదు. ఎముక ముక్కని మెత్తబరచడానికి గాఢమైన ఆమ్లంలో నానబెట్టినా అంతే, రంగులు మొండికేస్తాయి. ఈడీటీఏ అనే రసాయనంలో నెమ్మదిగా చేయమని చీటీ మీద రాయమనండి. ఆలస్యం అవుతుంది, కానీ పరీక్ష దక్కుతుంది.

నర్సక్క, రాయగడ | బుధవారం రాత్రి 9:00

మీరంతా స్లైడ్ల మీద ఉన్నారు గాని, శ్రీను బాబూ, ఆయన కాళ్ల సంగతేటి? డి10 దగ్గర ఉంటే వెన్నుపాము పక్కనే. రోజూ పొద్దున్నే ఇవి అడగండి: చెప్పు కాలినుంచి తెలియకుండా జారిపోతోందా, మెట్టు ఎక్కితే మోకాలు వంగిపోతోందా, నడుముచుట్టూ తాడు కట్టినట్టు బిగుతుగా ఉందా, మూత్రం రావడానికి ఎక్కువసేపు పడుతోందా, కూర్చునే చోట తిమ్మిరి ఉందా. ఒక్కదానికి అవునన్నా శుక్రవారం సీటీ దాకా ఆగకండి, అదే రోజు వెన్ను మొత్తానికి ఎమ్మారై ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. నడక పోయిన తరవాత తెచ్చుకోవడం కష్టం, నడుస్తున్నవాణ్ణి నడుస్తూ ఉంచడం సులువు.

తీసుకెళ్లేటప్పుడు ఆటోలో కూర్చోబెట్టి మడవొద్దు. గట్టి పలక మీద వెల్లకిలా పడుకోబెట్టి, పక్కకి తిప్పాల్సి వస్తే భుజం, తుంటి, కాలు ముగ్గురు పట్టుకుని ఒకే మొద్దులా తిప్పాలి. వీపు పట్టడం, కాలితో తొక్కించడం అసలు వద్దు.

లివర్ ఓపీ | బుధవారం రాత్రి 9:40

నర్సక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. వెన్నుపాము నొక్కుకుంటే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు, రోజుకి 16 మిల్లీగ్రాముల లెక్క. హెపటైటిస్ బి ఉన్నవాడికి స్టెరాయిడ్ పడితే వైరస్ రెచ్చిపోయి లివర్ ఫెయిల్ కావచ్చు. అందుకే హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్ అని రిఫరల్ చీటీ మొదటి లైనులో రాయించండి. స్టెరాయిడ్ ఆపాలని కాదు, వైరస్‌ని అణిచే టెనోఫోవిర్ గానీ ఎంటెకావిర్ గానీ దాంతోపాటే మొదలుపెట్టాలని. ఒంట్లో వైరస్ ఎంతుందో చెప్పే హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్షకి రక్తం తీసి పంపండి, ఫలితం కోసం మందు ఆపొద్దు.

మీ అంకెలతో చైల్డ్-ప్యూ లెక్క (లివర్ బలం చెప్పే మార్కులు, తక్కువైతే మంచిది): బిలిరుబిన్ 2 లోపు, ఆల్బుమిన్ 3.5 పైన, ఐఎన్‌ఆర్ 1.7 లోపు, పొట్టలో నీరు లేదు, మత్తు లేదు. తలా ఒకటి, మొత్తం 5. అంటే 'A' తరగతి. లివర్ ఇంకా నిలబడే ఉంది, మంచి మాట. కానీ ప్లేట్‌లెట్లు 92,000 ఉన్నాయంటే ప్లీహం పెద్దదై ఉంటుంది, పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి ఉండొచ్చు. ఎండోస్కోపీ చేయించి అన్నవాహికలో ఉబ్బిన సిరలు ఉన్నాయేమో చూడాలి. ఎందుకో మందుల దగ్గర చెప్తాను.

పర్లాకిమిడి శ్రీను | శనివారం ఉదయం 10:15

సీటీ వచ్చింది. సెగ్మెంట్ 8లో 4.2 సెంటీమీటర్ల గడ్డ. మొదటి ఫేజులో వెలిగి తరవాత వెలవెలబోయిందని రాశారు, "ఎల్ఆర్-5". ప్లీహం 14.5 సెం.మీ. పోర్టల్ సిర తెరిచే ఉంది. ఊపిరితిత్తుల్లో ఏమీ లేవు. ఐహెచ్‌సీలో హెప్‌పార్, ఆర్జినేజ్ రెండూ పాజిటివ్, టీటీఎఫ్ నెగెటివ్. కాళ్లు బాగానే ఉన్నాయి.

ఫిల్మ్ మాస్టారు, బరంపురం | శనివారం ఉదయం 10:50

సెగ్మెంట్ 8 అంటే సరిగ్గా ఆ పైకప్పు కిందే. అల్ట్రాసౌండ్‌కి చిక్కని మూల.

ఎల్ఆర్-5 అంటే సిరోసిస్ గానీ దీర్ఘకాలం హెపటైటిస్ బి గానీ ఉన్నవాడిలో దాదాపు ఖాయంగా లివర్ క్యాన్సరే అని. ఆ రెండూ లేనివాడికి ఈ కొలబద్ద వాడకూడదు, అప్పుడు లివర్లోంచి కూడా ముక్క కావాలి. ఇక్కడ వెన్ను ముక్కే చెప్పేసింది కాబట్టి లివర్లో మళ్లీ సూది అనవసరం.

పెట్ స్కాన్ చేయించమని ఎవరైనా అంటే తెలుసుకోండి: చక్కెర లాంటి మందుతో తీసే మామూలు ఎఫ్‌డీజీ పెట్‌లో నెమ్మది రకం లివర్ క్యాన్సర్లు చాలావరకు వెలగవు. "పెట్‌లో లివర్ శుభ్రం" అన్న మాట పట్టుకుని ఈ సీటీని కొట్టేయకండి. బోన్ స్కాన్ కూడా ఎముకని కరిగించే రకాన్ని కొన్నిసార్లు వదిలేస్తుంది.

ఎముకల పీజీ | శనివారం మధ్యాహ్నం 1:30

వెన్నుకి: నొప్పి ఉండి పూస నిలకడగా ఉంటే రేడియేషన్. ఒక్క రోజు 8 గ్రే (రేడియేషన్ కొలత), లేదా 5 రోజుల్లో 20, లేదా 10 రోజుల్లో 30. ఒక్క డోసు కూడా నొప్పికి దాదాపు అంతే పనిచేస్తుంది, తరవాత మళ్లీ ఇవ్వాల్సి రావడం మాత్రం కొంచెం ఎక్కువ. దూరంనుంచి వచ్చేవాళ్లకి ఆ ఒక్కరోజే మేలు అని నా అభిప్రాయం. పది రోజులు విశాఖలో లాడ్జి తీసుకుని విరిగేలా ఉన్న వెన్నుతో రోజూ ఆటో ఎక్కడం చికిత్స కాదు, శిక్ష. కాళ్లలో బలం తగ్గుతుంటే, పూస కూలుతుంటే ఆపరేషన్ మాట వస్తుంది. అప్పుడు ముందు రక్తనాళాల్ని మూసే ఎంబొలైజేషన్ చేసి 24 నుంచి 48 గంటల్లో ఆపరేషన్ చేయాలి. అది లేకుండా కోస్తే ఈ గడ్డలు రక్తం వరదలా పోస్తాయి. ఆ సౌకర్యం ఉందా అని అడ్మిషన్‌కి ముందే అడగండి.

జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాముల డ్రిప్ ఎముక విరగడం తగ్గిస్తుంది. ముందు పళ్ల డాక్టరుకి చూపించండి. పీకాల్సిన పన్ను ఉంటే డ్రిప్ ముందే పీకించాలి, తరవాత పీకితే దవడ ఎముక మానకుండా పుండు పడొచ్చు. కాల్షియం, విటమిన్ డి మాత్రలు వెంట ఉండాలి.

లివర్ ఓపీ | శనివారం రాత్రి 8:25

లివర్ దాటింది కాబట్టి గడ్డ 4 సెంటీమీటర్లే అయినా బీసీఎల్‌సీ (లివర్ క్యాన్సర్ దశలు చెప్పే పద్ధతి) లెక్కలో సి దశ, అంటే ముదిరినది. లివర్ కోసేయడం, మార్చడం, ఒక్క గడ్డకే కీమో ఎక్కించడం ఇవేవీ ఇప్పుడు మొదటి దారి కాదు. ఒంటికంతా పనిచేసే మందు కావాలి. పూర్తిగా పోగొట్టే చికిత్స కాదని ఇంట్లోవాళ్లకి ముందే సూటిగా చెప్పాలి.

ఒక జోడీ డ్రిప్‌గా ఎక్కిస్తారు: అటెజోలిజుమాబ్ (రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి తిప్పేది) 1200 మి.గ్రా., బెవాసిజుమాబ్ (గడ్డకి కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపేది) కిలోకి 15 మి.గ్రా., 21 రోజులకోసారి. 2020లో వచ్చిన ఐఎంబ్రేవ్150 పరీక్షలో తరవాతి లెక్కలకి ఈ జోడీతో మధ్యస్థ ఆయుష్షు 19.2 నెలలు, సోరాఫెనిబ్ అనే పాత మాత్రతో 13.4. అందులో చేరినవాళ్లంతా చైల్డ్-ప్యూ 'A' వాళ్లే అని గుర్తుంచుకోండి. బెవాసిజుమాబ్ రక్తస్రావం పెంచుతుంది, అందుకే ఎండోస్కోపీ ముందు అన్నాను. ఉబ్బిన సిరలకి బ్యాండ్ వేశాకే మొదలు. దుర్వాలుమాబ్, ట్రెమెలిముమాబ్ జోడీలో ఆ భయం తక్కువ. ఇవి ఖరీదు. అందనివాళ్లకి లెన్వాటినిబ్, సోరాఫెనిబ్ మాత్రలు.

మందుల షాపు రావు, గుణుపురం | శనివారం రాత్రి 9:30

ఏఎఫ్‌పీ దగ్గర నాది తప్పే, ఒప్పుకుంటున్నాను. మాత్రల దగ్గర మాత్రం నేను చెప్పగలను.

సోరాఫెనిబ్ అసలు బ్రాండు నెలకి సుమారు 2,80,000 ఉండేది. 2012 మార్చిలో మన దేశంలో మొట్టమొదటి కంపల్సరీ లైసెన్సు (పేటెంటు ఉన్నా వేరే కంపెనీ తయారుచేసుకోవచ్చన్న అనుమతి) దీనికే ఇచ్చారు, హైదరాబాదు నాట్కోకి, 120 మాత్రలు తొమ్మిది వేల లోపు. మన తెలుగు కంపెనీ గెలిచిన పెద్ద కేసు అది. ఇప్పుడు జెనెరిక్‌లు చాలా ఉన్నాయి.

డోసు 200 మి.గ్రా. మాత్రలు రెండు పొద్దున, రెండు రాత్రి. తిండికి గంట ముందో, రెండు గంటల తరవాతో. నూనె ఎక్కువున్న తిండితో మింగితే ఒంటికి తక్కువ పడుతుంది. మొదటి నెలలో అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి మంట పుడతాయి, నడిచేచోట బొబ్బలు. అది రాకముందే యూరియా 10 శాతం క్రీము రోజుకి రెండుసార్లు రాయాలి, మెత్తటి చెప్పులు వేసుకోవాలి, చెప్పుల్లేకుండా పొలం గట్టు మీద నడవకూడదు. బొబ్బ వస్తే మందు తనంతట తానే మానేయడం కాదు, డాక్టరు డోసు తగ్గిస్తారు. మొదటి ఆరు వారాలు వారానికోసారి బీపీ. లెన్వాటినిబ్ అయితే బరువు చూసి: 60 కిలోలు, ఆ పైన 12 మి.గ్రా., లోపు 8. ముందే తూకం వేయించండి, పాత చీటీ మీద బరువు నమ్మొద్దు. ఇంకొకటి, టీబీ కూడా నిజంగా ఉండి రిఫాంపిసిన్ వాడుతుంటే ఒంట్లో సోరాఫెనిబ్ సుమారు 37 శాతం పడిపోతుంది. రెండు చీటీలూ ఒకే డాక్టరు కంట పడాలి.

నర్సక్క, రాయగడ | ఆదివారం ఉదయం 6:50

నొప్పికి నడుం ఇంజెక్షన్ అని డైక్లోఫెనాక్ పొడిపించుకునే అలవాటు ఈ వైపు ఎక్కువ. సిరోసిస్ ఉన్నవాడికి అది కిడ్నీని దెబ్బతీస్తుంది, సిరలు చిట్లి రక్తం కక్కవచ్చు. పారాసిటమాల్ రోజుకి 2 గ్రాములు దాటకుండా వాడొచ్చు, అంటే 500 మాత్రలు నాలుగు. అది చాలకపోతే మార్ఫిన్ మాత్ర, 2.5 నుంచి 5 మి.గ్రా., మామూలుగా ఇచ్చే నాలుగు గంటలకి కాదు, ఆరు ఎనిమిది గంటలకి. దాంతోపాటు లాక్టులోజ్ తప్పదు, రోజుకి రెండుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా. విరేచనం ఆగితే మత్తు వస్తుంది, అప్పుడు మార్ఫిన్‌ని తిడతారు. పగలు నిద్ర, రాత్రి మెలకువ, చేతులు చాస్తే పక్షి రెక్కల్లా కొట్టుకోవడం కనబడితే వెంటనే చూపించండి.

పసరు మందు, చేతికి కాల్పించడం గురించి వాదనకి దిగను. ఏ పసరైనా లివర్ గుండానే పోవాలి, అంతే.

లివర్ ఓపీ | ఆదివారం ఉదయం 8:15

ఇంట్లోవాళ్ల పరీక్ష మర్చిపోకండి. భార్య, పిల్లలు, అన్నదమ్ములు, తల్లి ఉంటే తల్లి, అందరికీ హెచ్‌బీఎస్‌ఏజీ. నెగెటివ్ వస్తే టీకా 0, 1, 6 నెలలకి. పాజిటివ్ వస్తే సిరోసిస్ ఉందా, డీఎన్‌ఏ ఎంత అని చూసి మందు నిర్ణయిస్తారు, అవసరమైనవాళ్లకి ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్. 2018 జూలైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్షా మందూ ఉచితం, జిల్లా ఆసుపత్రిలో అడగండి. టెనోఫోవిర్ మొదలుపెట్టినవాడు ఒంట్లో బాగుందని ఆపేయకూడదు.

పర్లాకిమిడి శ్రీను | ఆదివారం రాత్రి 7:40

సోమవారం విశాఖ బయల్దేరుతున్నారు. ఏమేం పట్టుకెళ్లాలి? ఒడిశా ఆరోగ్య కార్డు అక్కడ చెల్లుతుందా?

ఫిల్మ్ మాస్టారు, బరంపురం | ఆదివారం రాత్రి 8:05

ఎమ్మారై, సీటీ రెండింటివీ సీడీలు. ఫిల్మ్ ఫోటో వాట్సాప్‌లో పంపింది పనికిరాదు. సీడీ ఇక్కడే ఒక కంప్యూటర్లో తెరిచి చూడండి, ఖాళీ సీడీలు వస్తుంటాయి. కార్డు సంగతి: ఆంధ్రా ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ ఆ రాష్ట్రంవాళ్లకే. మీ కార్డు ఆ ఆసుపత్రిలో, క్యాన్సర్ ప్యాకేజీకి చెల్లుతుందో లేదో హెల్ప్ డెస్కుకి ఫోన్ చేసి అడ్మిషన్ కాకముందే కనుక్కోండి. చెల్లకపోతే కటక్ ఆచార్య హరిహర క్యాన్సర్ ఆసుపత్రి, భువనేశ్వర్ ఎయిమ్స్ ఉన్నాయి. విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా వాళ్లది, ఏ రాష్ట్రంవాళ్లయినా వెళ్లొచ్చు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆసుపత్రి చీటీలో పొడి అక్షరం ఉంటే కౌంటర్లో గొడవ. అన్నిట్లో ఒకేలా రాయించండి.

స్లైడు పెద్దాయన | ఆదివారం రాత్రి 8:30

బ్లాకుని దూదిలో చుట్టి గట్టి డబ్బాలో పెట్టి చేతి సంచిలో ఉంచుకోండి. ఈ ఎండల్లో బండి డిక్కీలోనో కారు అద్దం దగ్గరో వదలొద్దు, ఆ మైనం 56 నుంచి 60 డిగ్రీల మధ్య కరుగుతుంది. స్లైడ్లు వేరే డబ్బాలో, నిలువుగా.